కార్బొరేటర్ దొరకడం లేదని చెప్పాను

బొబ్బిలి బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. నాకున్న ఒకే ఒక్క సరదా మా నాన్న వాడిన పాత పెట్రోలు కారు. దాన్ని మొదటినుంచీ చూసుకున్నది ఒకే మెకానిక్కు. చుట్టరికం లేకపోయినా నేనాయన్ని మావా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. నాకు డ్రైవింగు నేర్పిందీ ఆయనే. ఇంజను తిరుగుతుంటే కళ్ళు మూసుకుని పెట్రోలునీ గాలినీ కలిపి పంపే కార్బొరేటర్ స్క్రూ కొద్దికొద్దిగా తిప్పేవాడు. చప్పుడు నున్నగా అయ్యేదాకా ఎవర్నీ మాట్లాడనిచ్చేవాడు కాదు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో మావ ఆ కార్బొరేటర్ విప్పి, శుభ్రం చేసి బిగించాడు. మూడో రోజున నా భార్యనీ ఆరేళ్ళ పాపనీ తీసుకుని శ్రీకాకుళం బయల్దేరాను. రాజాం దాటాక పెట్రోలు వాసన గుప్పుమంది. బండి పక్కకి ఆపి బానెట్ ఎత్తేసరికి ఇంజను మీద మంట లేచింది. నా భార్య పాపని లాక్కుని చేలోకి పరిగెత్తింది. నేను రోడ్డు పక్క మన్ను దోసిళ్ళతో ఎత్తి పోశాను. ఎదురొచ్చిన లారీ డ్రైవరు గోనెపట్టా తడిపి కప్పాక ఆరింది. చల్లబడ్డాక చూస్తే కార్బొరేటర్ మూత స్క్రూలు రెండు ఉత్త వేళ్ళతోనే ఊడొచ్చాయి.

అంతకుముందు తన షెడ్డులో అవి బిగిస్తున్నప్పుడు మావ చెయ్యి వణికింది. స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది. చూసి కూడా ఊరుకున్నాను.

కారుని విశాఖపట్నంలో ఒక వర్క్‌షాపుకి పంపాను. కొత్త కార్బొరేటర్ వేస్తే కారు పాత కారులాగే ఉంటుందని, కాకపోతే అప్పుడప్పుడు ఎవరో ఒకరు సరిచేస్తుండాలని అక్కడివాళ్ళు చెప్పారు. దాని బదులు ఇంజెక్షన్ సిస్టమ్ పెడితే పెట్రోలు ఎంత పోవాలో కంప్యూటరే చూసుకుంటుందట. పాడైతే మాత్రం మళ్ళీ విశాఖే రావాలి. నా మనసు కార్బొరేటర్ మీదే ఉంది. కానీ అది ఉన్నంతకాలం కారుని మావకే అప్పగించాలి. వద్దని ఆయన మొహం మీద అనలేను. ఇంజెక్షనే పెట్టమన్నాను.

మావకి మంట సంగతి చెప్పలేదు. "కార్బొరేటర్ పాడైపోనాది మావా, కొత్తది ఎక్కడా దొరకడం నేదు" అన్నాను.

ఇంకో పది రోజులకి, మధ్యాహ్నం వేళ ఆయన మా దుకాణం మెట్లెక్కాడు. చంకలో తువ్వాలు మూట. విప్పితే కార్బొరేటర్.

"నౌపడ ఎల్లొచ్చానురా. ఉప్పు మళ్ళ ఆసామి ఒకాయన కారు తుప్పట్టిపోనాది గానీ, ఇది మాత్రం విప్పి ఇంట్లో దాసుకున్నాడు. బతిమాలి తెచ్చాను. కారేదిరా?"

"ఇంజెక్షన్ పెట్టించేశాను మావా."

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. "నిజం సెప్పు అల్లుడా. నా సెయ్యి వణుకుతున్నాదనేనా?"

ఇక దాచలేక జరిగిందంతా చెప్పేశాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"పాప ఉన్నాదా కార్లో?"

తలూపాను.

"ఎన్నాళ్ళయినాది?"

"మూడు వారాలు."

"మూడు వారాలా! ఒరే, ఈ మూడు వారాల్లో నేనెన్ని బళ్ళు బిగించానో ఎరుగుదువా? నా మనసు కష్టపెట్టకూడదనుకున్నావు, సరే. ఆ బళ్ళెక్కినోళ్ళ సంగతేటి?"

అప్పటిదాకా నేను మర్యాద పాటించాననే అనుకుంటున్నాను. గల్లాపెట్టె మూసి స్కూటరు తాళం తీశాను.

మావ అప్పటికప్పుడు నా వెనక ఎక్కాడు. ఆ సాయంత్రమూ మర్నాడూ ఆయన చేతులమీదుగా పోయిన ప్రతి బండి దగ్గరికీ వెళ్ళాం. ఆయన వేలుతో చూపించేవాడు, నేను బిగించేవాణ్ణి. చాలావాటికి ఏ లోపమూ లేదు. బడిపిల్లల్ని తీసుకెళ్ళే ఒక వ్యానుకి మాత్రం పెట్రోలు గొట్టం క్లిప్పు వదులుగా ఉంది. చుట్టూ తడి. నేను బిగిస్తున్నంతసేపూ ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. తర్వాత డ్రైవరుతో తనే అన్నాడు: "తప్పు నాదే బాబూ. సెయ్యి నా మాట వినడం నేదు."

ఆ నెలలోనే మావ షెడ్డు మూసేశాడు. నా కారు తాళం తిప్పగానే స్టార్టయ్యేది. ఒకరోజు ఆయన ఇంటిముందు ఆపి, ఒక్కసారి ఎక్కమని అడిగాను. "నీ మీద కోపం నేదురా" అన్నాడు గానీ, అరుగు మీదనుంచి లేవలేదు.