ఇసుక కడగొద్దనేవారు

పోయిన శుక్రవారం తెల్లవారుజామున గద్వాలలో మా పక్కింటి చాచా చనిపోయారు. జుమా నమాజు తర్వాత మట్టిచ్చి వచ్చాం. ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి. మా వీధిలో ఎవరింట్లో చల్లటి నీళ్లు తాగినా అందులో ఆయన చేయి ఉండేది. నాకు మాత్రం ఆయనంటే వరండాలోని ఉప్పునీళ్ల అద్దాల తొట్టి, అందులోని గోబీ అనే సముద్రపు చేప.

తెల్లటి చేప, ఒంటినిండా నారింజ చుక్కలు. పొద్దంతా దానికొకటే పని. నోటినిండా ఇసుక తీసుకుని, అందులోని కంటికానని పురుగుల్ని తిని, జల్లెడ పట్టినట్టు ఇసుకను మొప్పల్లోంచి వదిలేయడం. ఆ ఇసుకను హైదరాబాదు నుంచి తెప్పించినప్పుడు వీధంతా నవ్వింది.

"కృష్ణా నది పక్కకుండి ఇసుక కొంటరా చాచా?" అని నేనూ అన్నాను.

"ఏటి ఇసుక మొప్పలకు గీస్కుంటది బిడ్డా. బువ్వల రాళ్లుంటే మనం ఊకుంటమా?"

ఎండాకాలంలో పాత ఫ్రిజ్ విప్పి, దాని గుండా తొట్టి నీళ్లు తిప్పి చల్లబరిచేవారు. ఇంట్లో ఫ్రిజ్ చెడిపోతే మాత్రం తీరిక దొరికేది కాదు. చాచీ ఈ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పేది. మా నాయన పోయినప్పుడు చాచా ఓదార్పు మాటలేవీ చెప్పకుండా నన్ను ఆ తొట్టి ముందు కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. చేపను చూస్తూ కడుపునిండా ఏడ్చాను.

పాచి పట్టిన ఆ ఇసుకంటే చాచీకి రోత. కడుగుతానంటే ఆయన అడ్డం పడేవారు. "ఇసుక కడగొద్దు. గది దాని దస్తర్‌ఖాన్. తినెటోని ముందలకెల్లి దస్తర్‌ఖాన్ గుంజుతరా?" దస్తర్‌ఖాన్ అంటే వాళ్లింట్లో భోజనాలకు కింద పరిచే గుడ్డ.

మూడోనాడు ఫాతిహా ప్రార్థనకు వెళ్లాను. వరండాలో అడుగు పెట్టి తొట్టి వైపు చూశాను. తొట్టిలో ఇసుక కడిగిన బియ్యంలా మెరుస్తోంది.

"నలుగురొస్తరని నేనే కడిగిన బిడ్డా," అంది చాచీ. కళ్లు వాచిపోయి ఉన్నాయి. "ఆయన పానంబెట్టి సాకింది, మురికిగ కనవడొద్దు గదా."

ఆయన ఉండగా చెయ్యనివ్వని పనిని ఆయన మీది ప్రేమతోనే చేసింది. పురుగులు కొట్టుకుపోయిన ఆ ఇసుకలో ఇక చేపకు తిండి లేదంటే ఆమె తట్టుకోలేదు.

అప్పటినుంచి రోజూ వెళ్తున్నాను. రొయ్యను సన్నగా తరిగి చిన్న గొట్టంతో ఇసుకలోకి దూరుస్తున్నాను. పైనుంచి వేస్తే అది ముట్టదని చాచానే చెప్పారు. ఏమైనా దొరుకుతోందో లేదో, పొట్ట మాత్రం లోపలికి పోయింది. ఇంకేం చెయ్యాలో అడుగుదామంటే చాచా లేరు.

నిన్న చాచీ తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుంది. చేప నోటినిండా ఇసుక తీసుకుంది, వదిలింది, కొంచెం జరిగి మళ్లీ తీసుకుంది.

"సూడు, ఎంత మంచిగ తింటున్నదో," అంది. "ఆయన ఉన్నప్పటి లెక్కనే."

"అవు చాచీ," అన్నాను.

మొప్పల్లోంచి తెల్లటి ఇసుక రాలుతూనే ఉంది.