మొదటి వాక్యమంత సేపు

రేవు దగ్గరి మునిసిపల్ బడిలో ప్రసన్నకుమారి పదహారేళ్లుగా లెక్కలు చెబుతోంది. ఏ ప్రశ్న అడిగినా జాలర్ల పిల్లలు నోరు విప్పరు. వాళ్ల బుర్రలే మొద్దుబారాయో, తనకే చెప్పడం రాదో తేలక ఆమెకి ప్రాణం విసిగిపోయేది.

1997లో శిక్షణ తరగతుల్లో ఓ పరిశోధనా వ్యాసం జిరాక్సు తీసి పంచారు. ప్రశ్న అడిగాక టీచర్లు ఒక్క సెకను కూడా ఆగరనీ, మూడు సెకన్లు ఆగితే మాట్లాడని పిల్లలూ మాట్లాడతారనీ అందులో ఉంది. ఆమెకి ఒళ్లు మండింది.

"నాను ఆగనా? ఈళ్లొచ్చి సూసారేటి?" అని ఇంటికెళ్లి భర్త దేవదానం మీద ఎగిరింది.

పౌరుషం కొద్దీ మర్నాడు టేప్‌రికార్డరు తరగతికి పట్టుకెళ్లి తన పాఠం తానే రికార్డు చేసింది. సాయంత్రం కూర్చుని వింది. "ఏడు ఎనిమిదులెంత?" అన్న గొంతూ, "యాభై ఆరు" అన్న గొంతూ రెండూ తనవే. మధ్యలో ఊపిరి పీల్చే సందు కూడా లేదు. సిగ్గుతో టేపు కట్టేసింది.

తర్వాతి రోజు ప్రశ్న అడిగి, కళ్లు మూసుకుని, మూడు సెకన్ల కొలతగా, చర్చిలో చెప్పే పరలోక ప్రార్థనలో మొదటి వాక్యం మనసులో చెప్పుకుంది. టీచరుకి ఏమైందోనని తరగతంతా బిక్కచచ్చిపోయింది. కళ్లు తెరిచేసరికి, ఏడాదిగా పెదవి కదపని సాయిదుర్గ లేచి నిలబడి ఉంది. జవాబు తప్పు లేకుండా చెప్పింది.

"ఇదెప్పుడు నేర్చుకున్నావే?"

"మొదట్నించీ వచ్చు టీచరుగారూ. నాను లేసీలోగా తవరే సెప్పేత్తన్నారు."

పదహారేళ్ల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. ప్రార్థనలో మిగతా వాక్యాలన్నీ వదిలేసి, ప్రసన్నకుమారి పైకే "ఆమేన్" అనేసింది.