రాజవ్వ తుంటి, నా మూడో బొమ్మ

జిల్లాలు విడిపోయి కొత్తవి ఏర్పడిన మరుసటి సంవత్సరం జూన్‌లో నన్ను ఆదిలాబాద్ నుంచి మెట్‌పల్లికి దగ్గరలోని ఒక ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికి బదిలీ చేశారు. ఊరి పేరు రాయడం లేదు. ఈ సంగతిలో తప్పు చేసినవాళ్లలో నేనే ముందున్నాను గానీ మిగతావాళ్లు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. నా హోదా ఫిజియోథెరపిస్టు. అప్పటికి ఇరవై రెండేళ్ల సర్వీసు, దానికి తగ్గ పొగరు రెండూ ఉన్నాయి.

ఎక్స్‌రే గది పక్కన స్టోరు గది ఖాళీ చేయించి నాకిచ్చారు. రెండు బల్లలు, కాపడం పెట్టడానికి ఒక మైనపు తొట్టి, కరెంటుతో నొప్పి తగ్గించే యంత్రం ఒకటి. మా పనిలో ఒక వరుస ఉంటుంది. డాక్టరు రోగిని చూసి ఓపీ చీటీ మీద రాసి మా దగ్గరికి పంపుతారు. మేం పరీక్షించి, వైద్యం ఏమిటో రిజిస్టరులో ఎక్కిస్తాం. వారం వారం రోగి ఎలా ఉన్నదీ చివరి గడిలో రాస్తాం. ఆ గడి పేరు రిమార్కులు. బయటివాళ్లకు అది ఖాళీ నింపే గడిలా కనిపిస్తుంది. నిజానికి పైడాక్టర్లు చదివేది అదొక్కటే.

నాతోపాటు ప్రతి బదిలీకీ వెంట వచ్చిన కాగితం ఒకటుంది. ఆదిలాబాద్‌లో నా దగ్గరికి వచ్చేవాళ్లలో మరాఠీవాళ్లు, గోండులు చాలామంది. తెలుగులో రాసిస్తే వాళ్లకు పనికిరాదని నేనే కూర్చొని తుంటి, నడుము వ్యాయామాలు ఐదు బొమ్మలుగా గీశాను. దాన్నే జిరాక్సు తీయించి పంచేదాన్ని. మేడం బొమ్మల కాగితం అని అందరూ మెచ్చుకునేవారు. మూడో బొమ్మలో మనిషి వెల్లకిలా పడుకొని, నొప్పి ఉన్న కాలి మోకాలిని రెండు చేతులతో పట్టుకొని ఎదుటి భుజం వైపు లాక్కుంటుంది. మా కాలేజీలో అలాగే నేర్పారు. అది సరైనదేనా అని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆ వానాకాలంలోనే రాజవ్వ వచ్చింది. యాభైకి దగ్గర పడ్డ మనిషి, బీడీలు చుడుతుంది. భర్త గల్ఫ్ నుంచి చూపు పోగొట్టుకొని తిరిగొచ్చాడు కాబట్టి ఇంటి పని, బయటి పని, సంపాదన అన్నీ ఆమెవే. కుడి తుంటి పక్కన నొప్పి. ఆ వైపు ఒత్తిగిలి పడుకోలేదు, బస్సు మెట్టు ఎక్కలేదు. వాళ్ల ఊళ్లోని వైద్యుడు రెండుసార్లు స్టెరాయిడ్ సూది వేశాడు. వేసినప్పుడల్లా కొన్ని వారాలు తగ్గి మళ్లీ మొదలైంది. మా ఎముకల డాక్టరు మూడోది వేశారు. అదీ అంతే అయింది.

తుంటి నొప్పి అనగానే అందరూ కీలు అరిగిందనుకుంటారు. కీలు నొప్పి ఎక్కువగా గజ్జల్లో తెలుస్తుంది. పక్కన చేతికి తగిలే ఎముక బుడిపె దగ్గర నొప్పి అయితే అది చాలావరకు టెండన్‌ది, అంటే పిరుదు కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే గట్టి తాడు లాంటి దానిది. బుడిపె మీద నొక్కి చూస్తాం, ఒంటికాలి మీద నిలబెట్టి చూస్తాం. రాజవ్వ కుడికాలి మీద కాసేపు కూడా నిలబడలేకపోయింది. జబ్బును సరిగానే గుర్తుపట్టాను. ఆ తర్వాతే చెడగొట్టాను. యంత్రం పెట్టి, బొమ్మల కాగితం చేతిలో పెట్టి, రోజుకు మూడుసార్లు చేయమని చెప్పి పంపాను.

వారం వారం వచ్చేది. నొప్పి తగ్గలేదు సరికదా పెరిగింది. దీపావళి నాటికి నాకు విసుగు పుట్టింది, సంక్రాంతి దాటేసరికి కోపం వచ్చింది. మా వృత్తిలో ఒక అలవాటు ఉంది, దాన్ని ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. నొప్పి తగ్గకపోతే రోగి ఇంట్లో వ్యాయామం చేయడం లేదని అనుకుంటాం. అంతకు మించి ఆలోచించం. నేను పదిమంది ముందు ఆమెను నిలదీశాను. ఆమె తల దించుకోలేదు.

“చేస్తున్న మేడం. పొద్దుగాల, పగటీలి, మాపటీలి, మూడు పూటల చేస్తున్న. ఒక్కనాడు తప్పలే” అంది.

నేను నమ్మలేదు. ఆమె చూస్తుండగానే రిమార్కుల గడిలో ‘ఇంటివద్ద వ్యాయామాలు చేయుట లేదు’ అని రాసి సంతకం పెట్టాను. ఆమె వెంట చేయి పట్టుకొని వచ్చిన భర్తకు ఆ మాట చదివి వినిపించాను కూడా. అలా చదివే అవసరం లేదు, నియమమూ లేదు. గెలిచినట్టు అనిపించడానికి చదివాను.

మరో రెండు వారాలకు ఎముకల డాక్టరు ఆమెను కరీంనగర్ పంపి ఎమ్మారై స్కాన్ తీయించారు. టెండన్ కొంత చిరిగినట్టు అందులో వచ్చింది. ఆయన చీటీ మీద రాసిందేమిటంటే, మందులు, సూదులు, వ్యాయామం పనిచేయలేదు, ఆపరేషన్ అవసరం. ఆపరేషన్ చేస్తే వారాల తరబడి ఆ కాలి మీద బరువు మోపకూడదు, నెలల తరబడి నేల మీద కూర్చోకూడదు. అన్నాళ్లు ఆమె కూర్చోకపోతే ఆ ఇంట్లో బీడీ లేదు, వంట లేదు, చూపు లేని మనిషిని బయటికి తీసుకెళ్లే దిక్కు లేదు. ఇక ఆపరేషన్ తర్వాత నొప్పి పోతుందన్న హామీ ఏ డాక్టరూ ఇవ్వలేడు. అంతకు ముందు ఒక లాంఛనం ఉంది. వ్యాయామ వైద్యం ముగిసిందని, ఫలితం లేదని నేను ముగింపు రాసి సంతకం చేయాలి. చీటీ పట్టుకొని రాజవ్వ నా ముందు నిలబడింది.

“కోయించుకోవాల్నా మేడం? మీరొక మాట చెప్పుండ్రి. మీరు ఎట్ల చెప్తే గట్ల చేస్త.”

అప్పటికీ నా కోపం దిగలేదు. సంతకం పెట్టే ముందు ఆమె అబద్ధాన్ని ఆమెకే చూపించాలనుకున్నాను. చాప పరిచి, కాగితం లేకుండా ఐదు వ్యాయామాలూ చేసి చూపించమన్నాను. చేయనివాళ్లు ఇక్కడ దొరికిపోతారు. ఒక బొమ్మకు ఇంకో బొమ్మ కలిపేస్తారు, ఏ కాలో మర్చిపోతారు. రాజవ్వ వరుస తప్పలేదు. మూడో దాంట్లో మోకాలిని ఎదుటి భుజానికి ఆనేదాకా లాగి, పళ్లు బిగబట్టి, పెదవులతో లెక్కపెట్టుకుంటూ ఆపింది. నెలల తరబడి రోజూ చేసినవాళ్లు తప్ప అలా చేయలేరు.

తర్వాత లేచి చాప మీదే కూర్చుంది. బల్ల మీద కూర్చోమన్నాను. కిందే అలవాటంది. కుడికాలు మడిచి ఎడమకాలి మీదుగా అవతలికి అడ్డంగా వేసి కూర్చుంది. బీడీలు చుట్టేవాళ్లు చాటను ఆ తొడ మీద ఆనించుకుంటారు. ఆ కూర్చోవడం నేను చిన్నప్పటి నుంచి మా వీధి అరుగుల మీద చూస్తూనే ఉన్నాను, మా మేనత్త అలాగే కూర్చునేది. ఆ రోజు మాత్రం ఆ కాలినే చూశాను. అది నా మూడో బొమ్మ. పడుకోబెట్టి గీసిన మనిషిని లేపి కూర్చోబెడితే అదే. కాలు అలా అవతలికి దాటినప్పుడల్లా ఆ టెండన్ ఎముక బుడిపె మీద బిగుసుకొని నలుగుతుంది. పొద్దంతా బీడీల దగ్గర నలుగుతున్నదాన్ని మూడు పూటలా నేను మళ్లీ నలిపిస్తున్నాను.

ఎప్పుడూ ఇలాగే కూర్చుంటావా అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

“మొదటి దినమే అడిగిన గద మేడం. గీ బొమ్మ నేను బీడీలకు కూసున్నట్టే ఉన్నది, గట్ల కూసుంటెనే నొస్తున్నదన్న. కూసునుడు వేరు, కసరత్తు వేరు అన్నరు మీరు.”

అన్నాను. నాకు గుర్తుంది. ఆ సాయంత్రం ఇంటికి పోయి, అంతకుముందెప్పుడో హైదరాబాద్ శిక్షణ తరగతుల్లో రాసుకున్న నోట్సు వెతికి తీశాను. ఈ జబ్బుకు సాగదీసే వ్యాయామాలు ఆపాలని, కాలు అడ్డంగా వేయడం మాన్పించాలని, కండరానికి మెల్లమెల్లగా బలం ఇవ్వాలని అందులో నా చేతిరాతే ఉంది. మా దగ్గర ఇవన్నీ ఎవరికి కావాలని అప్పట్లో సంచీలో పడేశాను. నా మీద నాకు అసహ్యం వేసింది. కొత్త సంగతి తెలియకపోవడం ఒక తప్పు. తెలిసి, రాసుకొని, పక్కన పడేయడానికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు ఎముకల డాక్టరు దగ్గరికి పోయి ఆపరేషన్ ఆపమన్నాను. ఆయన గ్రేడులో నాకంటే పైవాడు, వయసులో చిన్నవాడు. ఎమ్మారై వచ్చాక ఆమె తుంటి మీద చేయి వేసి చూశారా, ఒంటికాలి మీద నిలబెట్టారా అని అడిగాను. ఫిల్ములో అంత స్పష్టంగా ఉండగా ఎందుకన్నారు. ఫిల్ముకు నొప్పి ఉండదని, ఆ వయసువాళ్లలో నొప్పి లేని తుంటిలో కూడా అలాంటి చిరుగులు కనిపిస్తాయని గొంతు పెంచి అన్నాను. ఆయన రిజిస్టరు తెప్పించి, నా రిమార్కు మీద వేలు పెట్టి చూపించారు. వ్యాయామ వైద్యం విఫలమైందని తాను రాసింది ఇది చూసేనని, అప్పుడు నిజమైన రాత ఇప్పుడు ఎలా అబద్ధమైందని అడిగారు. ఆయన మీద నాకు కోపం ఉండేది, ఇప్పటికీ ఉంది. కానీ ఆయన చేతికి కత్తి అందించింది నేనే.

రిజిస్టరులో రాసినదాన్ని సొంతంగా కొట్టేయకూడదు. సూపరింటెండెంటు అనుమతితో, కారణం రాతపూర్వకంగా ఇచ్చి, పక్కన సవరణ రాయాలి. నేను ఇచ్చిన కాగితంలో రెండే విషయాలు రాశాను. రోగి వ్యాయామాలు చేయడం లేదన్న రిమార్కు అబద్ధం. ఆమెకు నేనిచ్చిన మూడో వ్యాయామం ఆమె జబ్బుకు హాని చేసేది. సూపరింటెండెంటు రెండుసార్లు చదివారు. ఇది నా సర్వీసు ఫైలులో చేరుతుందని, మాట కాస్త మెత్తగా మార్చుకోవచ్చని సలహా ఇచ్చారు. మార్చనన్నాను. మెమో ఇచ్చి సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. ఆపరేషన్‌కు మూడు నెలల గడువు పెట్టి, ఆ తర్వాత డాక్టరుదే తుది నిర్ణయమని రాశారు.

ఇక రాజవ్వకు చెప్పాలి. అన్నిటికంటే అదే కష్టమైంది. తప్పు నాదని, ఆమె చేస్తున్నది నిజమేనని చెప్పాను. సరే మేడం అని ఊరుకుంటుందనుకున్నాను. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు అలాగే ఊరుకుంటారు. ఆమె ఊరుకోలేదు.

“నొస్తున్నా చేసిన. సర్కారు దవాఖాన మేడం రాసిచ్చింది, తప్పెందుకైతదని చేసిన. అటెన్క మీరే నన్ను చేస్తలేవంటిరి. మా ఇంటాయన సుత నన్నే అన్నడు, మేడం అబద్ధమెందుకు చెప్తదని. గప్పటి నుంచి ఆయన ముంగట చెయ్యి పెట్టి చూసుకొమ్మని కసరత్తు చేసిన. కండ్లు కనవడని మనిషికి నేను సాక్ష్యం చూపెట్టుకున్న మేడం.”

ఆమె భర్తను పిలిపించి, నేను రాసింది అబద్ధమని ఆయనకూ చెప్పాను. ఆయన సరేనన్నాడు. రాజవ్వ క్షమించినట్టు నాకు అనిపించలేదు, అలా అనిపించుకునే హక్కు కూడా నాకు లేదు.

కొత్త వైద్యంలో మొదటి పని కూర్చోవడం మార్చడం. గోడకు ఆనుకొని, రెండు కాళ్లూ విడిగా చాపి, చాటను పీట మీద పెట్టుకోవాలి. మొదట్లో చేతికి అందక బీడీలు తక్కువయ్యాయి, పక్కవాళ్లు నవ్వారు. పడుకునేటప్పుడు మోకాళ్ల మధ్య బొంత మడిచి పెట్టుకోవాలి. నిలబడినప్పుడు బరువంతా ఒక తుంటి మీద వేయకూడదు. ఆ తర్వాత బలం. ముందు కాలు కదపకుండా పక్కకు నొక్కిపట్టడం, కొన్ని వారాలకు వెల్లకిలా పడుకొని నడుము పైకి లేపడం, ఆ తర్వాత మెట్టు ఎక్కడం. నొప్పి కొద్దిగా ఉండొచ్చు, మర్నాటికి పెరగకూడదు. పెరిగితే ఒక మెట్టు వెనక్కి రావాలి. రెండో నెలలో ఒకసారి అలా వెనక్కి వచ్చాం, డాక్టరు పెదవి విరిచారు. మూడో నెల చివర రాజవ్వ ఆయన గదిలోనే కుడికాలి మీద నిలబడింది. గోడ పట్టుకోలేదు. ఆయన చీటీ మీద ‘ప్రస్తుతానికి ఆపరేషన్ అవసరం లేదు’ అని రాశారు. పనెక్కువైన రోజున ఆమెకు ఇంకా నొస్తుంది. కానీ బస్సు మెట్టు ఎక్కుతుంది.

ఆమె కేసు ముగిశాక పాత రిజిస్టర్లు తీసి చూశాను. ‘వ్యాయామాలు చేయుట లేదు’ అన్న నా రాత ఏ పేజీ తిప్పినా కనిపించింది. ఎక్కువమంది ఆడవాళ్లే. కొందరు ఆ తర్వాత రావడం మానేశారు. ఆదిలాబాద్‌లో పంచిన కాగితాలు ఏ గూడేల్లో ఏ గోడలకు ఉన్నాయో నాకు తెలియదు. వాటిని వెనక్కి తెప్పించే మార్గం లేదు.

ఇది నేర్పింది ఒక్కటే. రోగి చెప్పిన మాటకూ నేనిచ్చిన వైద్యానికీ పొత్తు కుదరకపోతే మొదట అనుమానించాల్సింది నా వైద్యాన్ని. ఇది నాకు పుస్తకం చెప్పలేదు. ఆ మూడు నెలలూ నేను ఏ కొత్త వ్యాయామం చూపించినా రాజవ్వ వెంటనే చేయలేదు. “గిది ఎందుకు?” అని అడిగేది. అర్థమయ్యేలా చెప్పేదాకా కాలు లేపేది కాదు. ఆ తర్వాత నేను రిటైరయ్యే వరకు ఎవరి చేతికీ బొమ్మల కాగితం ఇవ్వలేదు, ఆ ప్రశ్న అడగని రోగి చేత ముందు అది అడిగించాను.