రెండు సైకిళ్ళ వెనక అక్క

మొన్న పెడన రైల్వే గేటు దగ్గర ఒకాయన తన సైకిలు తొక్కుతూనే, ఎడం చేత్తో ఇంకో సైకిలు హేండిలు పట్టుకుని పక్కనే నడిపించుకుపోతున్నాడు. నాన్న గుర్తొచ్చాడు.

అక్క గుడ్లవల్లేరులో ఇంటర్ చదివేది. ఆ సాయంత్రం నాన్న నన్ను ముందు రాడ్డు మీద కూర్చోబెట్టుకుని కాలేజీకి వెళ్ళాడు. అక్క చేతిలోంచి లేడీస్ సైకిలు లాక్కుని, "నువ్వు నడిచి రావే. ఊరంతా చూడాలి," అన్నాడు. ఒక చేత్తో మా సైకిలు, రెండో చేత్తో అక్క సైకిలు పట్టుకుని మా ఊరిదాకా నాలుగు మైళ్ళూ తొక్కాడు. సర్కస్‌లా ఉందని నేను ఒకటే నవ్వు. అక్క వెనకబడ్డప్పుడల్లా చెయ్యి చాపి దాని సైకిలు బెల్లు కొట్టేదాన్ని.

ఊడ్పుల నుంచి వస్తున్న ఆడవాళ్ళు కాలవగట్టు మీద ఆగిపోయారు. "ఏమైందమ్మా?" అని ఒకామె అడిగితే, "మా అక్క ఎవరో అబ్బాయితో మాట్లాడింది," అని గట్టిగా చెప్పాను. నాన్నకి చెప్పిందీ నేనే.

అక్క చదువు ఆ రోజుతో ఆగిపోయింది. సైకిలు నాకిచ్చారు.

సైకిలు కేరేజీ పట్టుకుని వెనకాలే పరిగెడుతూ నాకు తొక్కడం నేర్పింది అక్కే. ఒక్కసారి కూడా నన్ను పడనివ్వలేదు.