మూర్తిగారి చిన్న ప్రశ్న

రాధాకృష్ణమూర్తిగారు ఎక్కడికి వెళ్ళినా ఒక ప్రశ్న అడగందే తిరిగి రారు. అదేమైనా బుర్ర బద్దలుకొట్టుకునే ప్రశ్నా అంటే కాదు, జవాబు పసిపిల్లలకు కూడా తెలిసిన ప్రశ్న. పెళ్ళికి వెళితే పురోహితుణ్ణి అడుగుతారు. మెట్రో స్టేషన్లో జేబులు తడిమి చూసే జవానునైనా వదలరు. ముందు గొంతు సవరించుకుంటారు, తర్వాత చూపుడువేలు కాస్త పైకెత్తి, "ఒక్క చిన్న ప్రశ్న" అంటారు. ఆ మాట వినబడగానే పక్కనున్న భార్య సరోజినిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోతారు.

ఒకసారి గుండె డాక్టరు ఆయన్ని పడుకోబెట్టి పరీక్ష చేస్తుంటే, "డాక్టర్ సాబ్, ఏక్ ఛోటా సా సవాల్. గుండె ఎడమవైపే కదండీ ఉండేది?" అన్నారు. ఆ పంజాబీ డాక్టరు స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి, మూర్తిగారి మొహంలోకి కాసేపు చూసి, "అభీ తక్ తో ఉధర్ హీ హై, అంకుల్‌జీ" అన్నాడు, ఇప్పటిదాకా అయితే అటే ఉందని. మూర్తిగారు హమ్మయ్య అని కళ్ళు మూసుకున్నారు.

ఇలాంటి పెద్దమనిషి ఇంట్లో ఉండి ఎల్.ఎల్.ఎం. చదవాలని రేవతి నుదుటన రాసిపెట్టి ఉంది. మూర్తిగారు ఆమె తండ్రికి పెత్తండ్రి కొడుకు, అంటే ఆమెకు పెదనాన్న వరస. కేంద్ర ప్రభుత్వంలో ఏళ్ళ తరబడి ఫైళ్ళు కదిపి కదిపి రిటైరై, దేశ రాజధాని పక్కనున్న ఇందిరాపురంలో ఏడో అంతస్తులో ఫ్లాటు కొనుక్కుని స్థిరపడ్డారు. కాకినాడ నుంచి వచ్చిన రేవతికి ఆ ఫ్లాటులో ఒక గది, పెద్దమ్మ చేతి పెసరట్టు, పెదనాన్న ప్రశ్నలు కలిపి దొరికాయి. మొదటి రెండింటి కోసం మూడోదాన్ని భరించవచ్చని ఆమె మొదట్లో అనుకుంది.

ఆ అభిప్రాయం పక్కనే ఉన్న వైశాలిలో తెలుగువాళ్ళంతా కలిసి చేసుకున్న ఉగాది కార్యక్రమం దాకానే నిలిచింది. అక్కడ కింది ఫ్లాటువాళ్ళ అమ్మాయి భవ్యశ్రీ పద్యం చెప్పడానికి స్టేజీ ఎక్కి, మైకు చూసి బిక్కచచ్చిపోయింది. వాళ్ళమ్మ పక్కనుంచి మొదటి పాదం అందిస్తోంది, పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడే మూర్తిగారు లేచి నిలబడ్డారు.

"పాపా, ఒక్క చిన్న ప్రశ్న. ఆ జడకుచ్చులు నీవేనా?"

"నహీ అంకుల్. ఉష ఆంటీ కే హై. వాపస్ కర్నా హై," అంది భవ్యశ్రీ మైకులోనే, అవి ఉష ఆంటీవనీ, తిరిగిచ్చెయ్యాలనీ.

హాలంతా గొల్లుమంది. ఉష ఆంటీ తల దించుకుంది. రేవతి తల అంతకంటే కిందికి దించుకుంది. తర్వాత ఆ పిల్ల పద్యం గడగడా అప్పజెప్పిందన్న సంగతి ఆ సిగ్గులో ఆమెకు పట్టనే లేదు.

ఇక థీసిస్ సంగతి. లా చదివినవాళ్ళు అందరికీ రూల్సు చెబుతారు, వాళ్ళకు రూల్సు చెప్పేది యూనివర్సిటీ. మార్జిన్ ఎడమవైపు ఇంత, కుడివైపు ఇంత. అట్ట మెరూన్ రంగే ఉండాలి, అక్షరాలు బంగారు రంగే ఉండాలి. గైడు సర్టిఫికెట్టు, కాపీ కొట్టలేదని ఒక సర్టిఫికెట్టు, ఆ సర్టిఫికెట్టు నిజమేనని ఇంకో సంతకం. ప్రతిదానికీ ఒక ఆఖరి తేదీ, ఆ తేదీ దాటితే ఇంకో ఆఖరి తేదీకి దరఖాస్తు, ఆ దరఖాస్తుకు మరో ఆఖరి తేదీ. రేవతి తీసుకున్న విషయం అపార్టుమెంటు సొసైటీలు సొంతంగా పెట్టుకునే నిబంధనలు. పనివాళ్ళు వేరే లిఫ్టులో రావాలి, పెళ్ళికానివాళ్ళకు అద్దెకివ్వకూడదు లాంటివి రాజ్యాంగం ముందు నిలబడతాయా లేదా అన్నది ఆమె పరిశోధన.

కాపీలు పట్టుకునే సాఫ్ట్‌వేరు ఆ థీసిస్ అంతా చదివి, రాజ్యాంగంలోని అధికరణం ఉన్నదున్నట్టు రాసిన చోట ఇది దొంగసొత్తు అని ఎర్రగా గీసిపారేసింది. పోలిక శాతం హద్దు దాటింది. రేవతి డైనింగ్ టేబుల్ మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. మూర్తిగారు కళ్ళజోడు సవరించుకుని ఆ ఎర్ర గీతలకేసి చూశారు.

"ఒక్క చిన్న ప్రశ్న. రాజ్యాంగం నువ్వు రాయలేదని దానికెలా తెలిసిందమ్మా?"

"అబ్బా పెదనాన్నా! నేను రాయలేదని నేనే చెప్పాలి. కొటేషన్ గుర్తులు పెడితే వదిలేస్తుంది. నేను పెట్టాను, కానీ ఆ సెట్టింగు..." అని రేవతి ఆగిపోయింది. ఆ సెట్టింగు నొక్కడం తనే మర్చిపోయింది. లాప్‌టాప్ లాక్కుని గదిలోకి పరిగెత్తింది.

అసలు కష్టం వేరే ఉంది. కాగితం మీద కోర్టులనే కడిగిపారేసే రేవతికి నలుగురి ముందు నిలబడితే మాట పెగలదు. థీసిస్ సమర్పించే ముందు డిపార్టుమెంటులో పెట్టే సెమినార్లో "గుడ్ మార్నింగ్" అన్నది, అంతే. స్లైడ్లు వాటంతటవే కదిలి వెళ్ళిపోయాయి, రేవతి మాత్రం కదల్లేదు.

గైడు ఉమాశంకర్‌గారు తర్వాత గదికి పిలిచి నెమ్మదిగా చెప్పారు. "థీసిస్ ఫస్ట్ క్లాసు. కానీ వైవాలో ఇలాగే నిలబడితే నేనేం చెయ్యలేనమ్మా. జూన్ నెలాఖరులోపు వైవా పాసవకపోతే రూలు ప్రకారం డిగ్రీ వచ్చే ఏడాదికే."

వచ్చే ఏడాది అంటే కుదరదు. సాకేత్‌లో ఒక పేరున్న లాయరు ఆఫీసువాళ్ళు జులైలో డిగ్రీతో వచ్చి చేరమన్నారు. అద్దెకుండేవాళ్ళ తరఫున కేసులు వాదించే ఆఫీసు అది, రేవతి థీసిస్ మొదలుపెట్టిన రోజునుంచీ కలగన్న ఉద్యోగం. గైడు ఆ మాట చెప్పిన దగ్గర్నుంచి ఆమెకు అన్నం సహించడం మానేసింది.

థీసిస్ ఇవ్వాల్సిన రోజు బైండింగు షాపువాడు బంగారు అక్షరాల దగ్గర ఆలస్యం చేశాడు. పెదనాన్నను డిపార్టుమెంటు కౌంటరు దగ్గర క్యూలో నిలబెట్టి, రేవతి షాపులో కూర్చుంది. మెరూన్ పుస్తకాలు గుండెకు హత్తుకుని, రొప్పుతూ పరిగెత్తుకొచ్చేసరికి కౌంటరు మూసే వేళ దాటిపోయింది. చూస్తే అక్కడ క్లర్కు ఒక చేత్తో కిటికీ తలుపు పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఊపుతూ మూర్తిగారికి తన గోడంతా వెళ్ళబోసుకుంటున్నాడు. మూర్తిగారు వేసిన ప్రశ్న, "భయ్యా, ఈ స్టాంపు ప్యాడులో సిరా ఎవరు పోస్తారు?" పాపం, సిరా తనే పోస్తున్నాడట, అది తన పని కాదట, పై అధికారికి ఎన్నిసార్లు చెప్పినా వినడట.

క్లర్కు మాట్లాడుతూనే రేవతి పుస్తకాలు అందుకుని, ఆ సిరాతోనే ముద్ర గుద్ది రసీదిచ్చాడు.

"ఆఖరి రోజున కూడా అతనితో సోదేమిటి పెదనాన్నా?" అని రేవతి మెట్లు దిగుతూ విసుక్కుంది.

"తెలుసుకుందామనమ్మా," అన్నారు మూర్తిగారు.

ఆ యూనివర్సిటీలో వైవాకు ఎవరైనా రావచ్చు, వెనక కూర్చుని వినవచ్చు, ప్రశ్న కూడా అడగవచ్చు. అయ్యాక సమోసాలు, టీ పెట్టించడం విద్యార్థి వంతు. మూర్తిగారు ఉద్యోగంలో ఉన్న రోజుల్నుంచీ, ఆఫీసు దగ్గరే కాబట్టి, మధ్యాహ్నాలు ఆ వైవాలకు వెళ్ళి వెనక వరసలో కూర్చునేవారు. ఎందుకెళతారండీ అంటే, "సమోసాలు బాగుంటాయి" అనేవారు. రిటైరయ్యాక కూడా ఇందిరాపురం నుంచి పనిగట్టుకుని వెళుతూనే ఉన్నారు. ఈ సంగతి తెలిసినప్పటినుంచీ రేవతికి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

వైవా ముందురోజు కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చి, ఎదురుగా నిలబడింది.

"పెదనాన్నా, రేపు మీరు రావద్దు."

మూర్తిగారు గ్లాసు కింద పెట్టేశారు. ఆ మొహం చూసి రేవతికి మనసొప్పలేదు. "సరే రండి. కానీ నోరు విప్పకూడదు. ఒట్టు."

"ఒక్క చిన్న..."

"చిన్నదీ వద్దు, పెద్దదీ వద్దు!"

"సరేనమ్మా. మాట," అన్నారాయన.

వంటింట్లోంచి సరోజినిగారు నవ్వారు. "ఈయన నోరు మూసుకుని కూర్చున్న రోజున నేను మోకాళ్ళమీద తిరుపతి కొండెక్కుతానే!"

బయటి కాలేజీనుంచి పరీక్ష చెయ్యడానికి వచ్చినావిడ జానకీదేవి. ఆవిడ దగ్గర పాసవడం కంటే హైకోర్టులో స్టే తెచ్చుకోవడం తేలికని పిల్లల్లో ప్రతీతి. ఆవిడ థీసిస్ మూసి, ఇంగ్లీషులో ఒక్కటే అడిగారు. "మీరు ఇందులో ఏం చెప్పదలుచుకున్నారో క్లుప్తంగా చెప్పండి."

రేవతి నోరు తెరిచింది. మాట రాలేదు. ఉమాశంకర్‌గారు ఫరవాలేదన్నట్టు తల ఊపారు. రేవతి మంచినీళ్ళు తాగి మళ్ళీ నోరు తెరిచింది. ఈసారీ అంతే. సాకేత్ ఉద్యోగం, కాకినాడలో ఫోను పట్టుకుని కూర్చున్న నాన్న, వచ్చే ఏడాది, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. వెనక వరసలో మూర్తిగారి చూపుడువేలు తనంతట తనే లేచింది. ఆయన రెండో చేత్తో దాన్ని పట్టుకుని కిందికి లాగి, ఒళ్ళో పెట్టుకుని అదిమేశారు. అది మళ్ళీ లేచింది. మళ్ళీ లాగారు.

జానకీదేవి కళ్ళజోడు తీసి వెనక్కి చూశారు. చూస్తూ చూస్తూ తెలుగులోకి దిగిపోయారు.

"మూర్తిగారూ, మీరింకా అడగలేదేం? మీ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను."

మూర్తిగారు లేచి నిలబడ్డారు. "నోరు విప్పనని మాటిచ్చానమ్మా."

"ఎవరికి?"

ఆయన చూపు రేవతివైపు తిరిగింది. హాలు మొత్తం అటే తిరిగింది.

"మాట తీసుకున్నది నువ్వా?" అన్నారు జానకీదేవి. "మంచిదానివే! నా వైవా రోజున నేనూ అచ్చం నీలాగే అక్కడ నిలబడ్డాను. ఈయన లేచి, ఏ నంబరు బస్సులో వచ్చావమ్మా అని అడిగారు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఆ బస్సు నంబరే. ఆ తర్వాత నన్ను ఆపడం ఎవరివల్లా కాలేదు."

రేవతికి జడకుచ్చులు గుర్తొచ్చాయి. స్టాంపు ప్యాడు సిరా గుర్తొచ్చింది. రాజ్యాంగం మీద ఎర్ర గీతలు గుర్తొచ్చాయి. తను ఈయన్ను రావద్దందా?

"అడగండి పెదనాన్నా," అంది. ఆ రోజు ఆమె గొంతు దాటిన మొదటి మాట అది.

మూర్తిగారు తీరిగ్గా గొంతు సవరించుకుని, వేలికి స్వేచ్ఛ ఇచ్చారు.

"ఒక్క చిన్న ప్రశ్న. నువ్వు ఏ ఫ్లోరులో ఉంటావమ్మా?"

"మీ ఇంట్లోనే కదా పెదనాన్నా! ఏడో ఫ్లోరు!"

తెలుగు అర్థమైనవాళ్ళు నవ్వారు, కానివాళ్ళు నవ్వేవాళ్ళను చూసి నవ్వారు.

"ఓహో. మరి కిందికి ఏ లిఫ్టులో దిగుతావు?"

"ఎడమవైపుది. కుడివైపుది పనివాళ్ళకి. మన ఇంట్లో గిన్నెలు తోమే మాణిక్యం నాతోపాటే ఇంట్లోంచి బయటికొచ్చినా, నాతో దిగకూడదు. ఎందుకంటే మన సొసైటీ పదహారో రూలు..." అని రేవతి జానకీదేవివైపు తిరిగి ఇంగ్లీషులోకి మళ్ళింది. అదే ఆమె థీసిస్‌లో మూడో అధ్యాయం. మూడోదాన్నుంచి నాలుగుకి వెళ్ళింది, అక్కణ్ణుంచి వెనక్కి ఒకటికి వచ్చింది. జానకీదేవి అడ్డుప్రశ్నలు వేశారు, గట్టివే వేశారు. రేవతి ప్రతిదానికీ జవాబిచ్చింది, ఒకచోట "అది సరికాదు మేడమ్" అని కూడా అనేసింది. చివరికి ఆవిడే చెయ్యి అడ్డంపెట్టి, "చాలమ్మా, సమోసాలు చల్లారిపోతాయి" అని సంతకం చేశారు.

టీ దగ్గర మూర్తిగారు సమోసా పట్టుకుని క్యాంటీను కుర్రాణ్ణి, "ఇందులో ఆలూయేనా?" అని అడుగుతుంటే రేవతి వెళ్ళి పక్కన నిలబడింది. కళ్ళు తడిగా ఉన్నాయి, నవ్వూ ఆగడం లేదు.

"పెదనాన్నా, ఈసారి నాదీ ఒక్క చిన్న ప్రశ్న. మీరు కావాలనే అడిగారు కదూ?"

"ఛ ఛ, లేదమ్మా," అన్నారాయన సమోసా తుంచుతూ. "మనది ఏ ఫ్లోరో నాకు నిజంగానే గుర్తు రాలేదు. వయసు మీద పడటం లేదూ?"

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. లిఫ్టులో సమోసాల పొట్లం ఒక చేత్తో పట్టుకుని మూర్తిగారు రేవతికేసి తిరిగి నిలబడ్డారు. సరోజినిగారికి తిరుపతి ప్రయాణం తప్పిపోయినందుకు ఆవిడ ఏమంటారో చెబుతూ, బటన్ల వైపు కన్నెత్తి చూడకుండానే, వెనక్కి చెయ్యి చాచి ఏడు నొక్కారు.