కన్ను కదలకూడదు

ఆ ఉదయం ఆయన పూర్తిగా చేసిన చివరి పని, కెమెరాకు తగిలించే షిఫ్ట్ అడాప్టర్ మరను సున్నాకు తిప్పడం. కొత్తేమీ కాదు, బయల్దేరే ముందు రోజూ చేసేదే. సున్నా దగ్గర మర టిక్కుమని ఆగితే లెన్సు నడిమధ్యకు వచ్చిందని లెక్క. ఆ చప్పుడు వంటింట్లో ఉన్న భార్యకు వినిపించింది. వెనకే, స్టౌ కట్టేశావా అని ఆయన అడగడమూ వినిపించింది. కట్టేశానంది. చేతులు తుడుచుకుంటూ ఇవతలికి వచ్చేసరికి ఆయన బూటు తాడు ముడి వేయబోయి, అలాగే గోడకు చేరగిలి ఉన్నాడు. గుండె అన్నాడు డాక్టరు. ఆమె ముఖం చూసి కాదు, కాగితం చూసి.

ఆయన్ని అందరూ రసమట్టం అనేవారు. మేస్త్రీలు గోడ వంకర చూసుకోవడానికి వాడే, మధ్యలో నీటిబుడగ ఉండే పరికరం పేరది. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు వాళ్ల గోడ మీది పటం సరిచేస్తే గాని విస్తరి ముందు కూర్చునేవాడు కాదు. పెళ్లి ఫొటోలో పెళ్లికూతురి తల ఒక పక్కకు వాలిందని ఆయనకు చివరిదాకా బాధే. "ఏళ్లు గడిచినా నా మెడతో రాజీ పడలేదు మీ అన్నయ్య" అని ఆమె ఆడపడుచుతో నవ్వుతూ చెప్పేది.

ఆయన పని ఒక బిల్డర్ దగ్గర. అమ్మకానికి సిద్ధమైన ఫ్లాట్లకు ఫొటోలు తీయాలి. బిల్డర్ కట్టేవి అగ్గిపెట్టెలు, అడిగేది సభామండపాలు.

"కొంచెం వెనక్కి వెళ్లి తియ్యండి రసమట్టం గారూ."

"వెనక గోడ ఉందండీ. అది కూడా మీరు కట్టిందే."

అలా వీపు గోడకు ఆనిన తరువాత దొరికిన దారే ఈ అడాప్టర్. ఆయన కెమెరా మీడియం ఫార్మాట్ డిజిటల్ రకం, సెన్సర్ మామూలు వాటికన్నా పెద్దది. దానికి, అంతకన్నా పెద్ద ఫిల్ముకు చేసిన పాత కెమెరా లెన్సు ఒకటి తగిలించేవాడు. రెంటికీ నడుమ దిట్టమైన లోహపు కడియంలా ఉండేదే అడాప్టర్. పక్కనున్న మర తిప్పితే లెన్సు పైకో పక్కకో జరుగుతుంది. కెమెరాను ఎత్తి చూపితే గోడలు పైకి పోయేకొద్దీ ఒకదాని మీదికి ఒకటి ఒరుగుతాయి. దాన్ని నిటారుగానే ఉంచి లెన్సును మాత్రం పైకి జరిపితే, గోడలు బుద్ధిగా నిలబడతాయి, పైకప్పూ ఫొటోలోకి వస్తుంది. పక్కలకు జరిపి తీసిన బొమ్మల్ని కంప్యూటర్లో అతికిస్తే ఇరుకు గది మొత్తం ఒకే ఫొటో అవుతుంది. ఆ అతుకుల పని భార్యది.

మొదట్లో ఆ అతుకులే పరువు తీశాయి. అచ్చయిన కరపత్రంలో, ముందు వరసలో ఉన్న కుర్చీకి ఐదు కాళ్లు వచ్చాయి. కొనడానికి వచ్చినవాళ్లు ఆ కుర్చీ కూడా ఇస్తారా అని అడిగారట. ఆయన చాలాసేపు ఆ కాలును చూసి తప్పు పట్టుకున్నాడు. లెన్సు జరిగినప్పుడు చూసే చోటే మారిపోతోంది. అందుకని దగ్గరి వస్తువు రెండు బొమ్మల్లో రెండు చోట్ల పడుతోంది. కెమెరాకు బదులు అడాప్టర్‌కే ఒక కాలు బిగించి దాన్ని ట్రైపాడ్ మీద నిలబెట్టాడు. ఇక లెన్సు ఉన్నచోటే ఉంటుంది, వెనకున్న కెమెరా జరుగుతుంది. "కన్ను కదలకూడదు. వెనకున్నదే కదలాలి" అని భార్యకు చెప్పాడు. అప్పటినుంచి వాళ్లింట్లో అది సామెత అయింది. కూరలో ఉప్పెక్కువైనా, తాళం చెవి కనబడకపోయినా, కన్ను కదిలిందనేవారు.

వాళ్లుండే ఫ్లాటూ బిల్డర్‌దే. భవనానికి వెనకవైపు, అమ్ముడుపోక మిగిలినది. కిటికీ తీస్తే పక్క భవనం గోడ పలకరించేది. పగలు కూడా లైటు వెయ్యాలి. పొద్దంతా ఆమె చేతికింద ఎవరెవరి గదులో విశాలమవుతూ ఉండేవి. లేవడానికి కుర్చీ వెనక్కి నెడితే మంచం తగిలేది. ఉద్యోగం మానితే ఇల్లు పోతుంది, ఇల్లు నిలవాలంటే ఉద్యోగం మానకూడదు. గొంతులో పడ్డ ముల్లులాంటి బతుకు.

అలాంటప్పుడు నీటి సరఫరా శాఖ నుంచి ఇంజనీరొకావిడ ఫోను చేసింది. ఊరి గుట్ట కింద పాతకాలపు జలాశయం ఉంది, నేల లోపల, ఇటుక కమానులతో. దాన్ని పూడ్చేలోపు ప్రతి కమానూ వంకర లేకుండా ఫొటోలు తీయాలి. అది అయ్యాక మిగతా పాత కట్టడాలు. ఎన్నేళ్లయినా పడుతుంది. ఉండడానికి గుట్ట మీద పంపుహౌసు పక్కన ఇల్లు ఇస్తారు.

ఆ ఇల్లు చూడ్డానికి భార్య ఒక్కతే వెళ్లింది. నాలుగు వైపులా కిటికీలు. ఒకదాంట్లోంచి ఊరంతా కనబడుతోంది. తిరిగొచ్చి, ఏ గదిలో కంప్యూటరు పెట్టాలో, ఏ కిటికీకి ఏ తెర కట్టాలో ఆయనకు వివరంగా చెప్పింది. ఆయన అన్నీ విని, వెళ్లి పనిచేసే చోటు చూసొస్తానన్నాడు.

వారాలు గడిచాయి. ఆమె అడిగినప్పుడల్లా, ఇవాళ తీరలేదనేవాడు. ఒక సాయంత్రం అన్నం తింటూ, కుదరదని చెప్పేశానన్నాడు.

ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఎందుకని అడిగింది.

"అక్కడికి మన లెన్సు చాలదు. అంత జరిపితే ఫొటో మూలలు నల్లబడతాయి."

ఆ లెన్సును ఎంత జరిపితే మూలలు నల్లబడతాయో ఆయనకన్నా ఆమెకే బాగా తెలుసు. ఏళ్ల తరబడి ఆ మూలలు చూసింది ఆమే. ఇంజనీరు చెప్పిన కొలతలకు అది చాలు, ఇంకా మిగులుతుంది కూడా.

"అసలు అక్కడికి వెళ్లారా మీరు?"

ఆయన మంచినీళ్లు తాగాడు.

"కన్ను కదలకూడదు కదా" అంది ఆమె. "మీరూ కదలరు. ఈ గోడకే వీపు ఆనించుకుని ఉంటారు. వెనక నన్ను మాత్రం అటూ ఇటూ జరుపుతూ ఉండండి."

నువ్వన్నదీ నిజమే, అని ఆయన కంచం తీశాడు. ఆ తరువాత వాళ్లిద్దరూ పోట్లాడుకోలేదు. పోట్లాడడానికి కూడా కాస్త చోటుండాలి. ఆయన ఫొటోలు తెచ్చేవాడు, ఆమె అతికించేది. ఆ ఇంట్లో సామెత చెప్పుకోవడం మాత్రం మానేశారు. ఆయన పోయిన ఆ ఉదయందాకా అలాగే గడిచింది.

కర్మలయ్యాక, ఇల్లు ఎప్పుడు ఖాళీ చేస్తారో తొందరేం లేదు గాని చెప్పండమ్మా, అని బిల్డర్ కబురు పెట్టాడు. ఆ వారంలోనే ఇంజనీరు పలకరించడానికి వచ్చింది. కుర్చీ వెయ్యడానికి చోటు లేక మంచం మీదే కూర్చుంది. మాటల్లో మాటగా భార్య అంది, ఆయన మీ దగ్గరికి ఒక్కసారైనా వచ్చి చూసి ఉంటే బాగుండేదని.

ఇంజనీరు ఆమెవైపు అయోమయంగా చూసింది.

"రాకపోవడమేంటండీ, చాలాసార్లు వచ్చారుగా. మీకు చెప్పలేదా?"

జలాశయంలోకి దిగే మెట్లు ఇరుకు, మనిషి పట్టేంత. నాలుగు మెట్లు దిగేసరికి ఆయనకు ఊపిరాడేది కాదట. ఒళ్లంతా చెమటలు పట్టి, గోడ పట్టుకుని పైకి వచ్చేసేవాడట. బయట గట్టు మీద కూర్చుని నీళ్లు తాగి, ఇంకోసారి చూస్తానండీ అని మళ్లీ లేచేవాడట. అక్కడి పనివాడు ప్రతిసారీ కెమెరా సంచి భుజాన వేసుకుని ముందే దిగి, కింద లైట్లు వేసి ఎదురుచూసేవాడు. పైనుంచి పిలుపు వచ్చాక లైట్లు ఆపేసి, ఆ సంచి మోసుకుంటూ ఎక్కి వచ్చేవాడు.