తాతాజీ రాసిన ఒక్క మాట

కొత్తపేట దగ్గర కొత్త కాలువ తవ్వుతున్న రోజుల్లో తాతాజీ దొర కచేరీలో దుబాసీ. జనం తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో రాసిపెట్టడం ఆయన పని. ఆ భాష ఆయన బడిలో నేర్చుకున్నది కాదు. ఒక పాదిరిగారి దగ్గర విన్న మాటల్ని అర్థాలతో కాగితాల మీద రాసుకుని నేర్చుకున్నాడు.

శ్రావణంలో జవాన్లు నూకయ్య అనే పడవవాణ్ణి పట్టుకొచ్చారు. గాలివానకు అతని పడవ కాలువలో అడ్డం తిరిగి ఒండ్రులో దిగబడింది. రాళ్లు తెస్తున్న సర్కారు పడవలు మూడు రోజులు ఆగిపోయాయి. ఈలోగా వరదొచ్చి సగం కట్టిన గట్టు కొట్టుకుపోయింది.

“నా పడవ అడ్డం పడిపోయిందండి. ఎంత లాగినా రాలేదండి,” అన్నాడు నూకయ్య.

తాతాజీ కాగితంలో ‘థ్వార్ట్’ పక్కన ‘అడ్డుపడు’ అని ఉంది. నూకయ్య సర్కారు పనిని థ్వార్ట్ చేశాడని రాశాడు. కింద నూకయ్య నిశాని పెట్టాడు.

దొర అది చదివి ఆరు నెలల ఖైదు వేశాడు.

“అతను కావాలని చెయ్యలేదండి,” అన్నాడు తాతాజీ.

“నువ్వు రాసింది వేరు. దారిలో ఉండిపోతే అడ్డు, అంతే. ఒకరు పూనుకున్న పనిని నెరవేరకుండా చేస్తే అది థ్వార్ట్,” అన్నాడు దొర.

మర్నాడు పొద్దున్నే వెళ్లి తప్పు తనదేనని తాతాజీ ఒప్పుకున్నాడు. “అయితే రెండేళ్లుగా నువ్వు రాసినవాటిలో ఇంకెన్ని తప్పులున్నాయి? అన్నీ తిరగతోడమంటావా?” అన్నాడు దొర.

తాతాజీ తల దించుకుని బయటికొచ్చేశాడు. పేరు లేకుండా పైవాళ్లకు ఒక అర్జీ పంపించాడు. ఇరవై రోజులకు పైవాళ్లు దాన్ని తిరిగి ఆ కచేరీకే పంపేశారు. జవాను తెచ్చి తాతాజీ బల్లమీదే పెట్టాడు.

నూకయ్య భార్య దుర్గమ్మ వారం వారం వచ్చి కచేరీ అరుగు కింద నిలబడేది. ఒకరోజు తాతాజీ ఆమెకు అంతా చెప్పేశాడు.

ఆమె అరవలేదు. “ఆ మాటకి అర్థం ఏటండీ?” అంది.

ఆయన చెప్పాడు.

“మా ఆయన మూడ్రోజులు పీకల్లోతు నీళ్లలో ఉండి పడవ లాగేడండి. ఇంకో పూట ఉంటే లాగేసేవోడే. ఈలోగా జవాన్లు పట్టుకుపోయేరు. ఆళ్ల మీద ఎవరు రాత్తారండీ?”

మాఘంలో నూకయ్య దగ్గుకుంటూ ఇల్లు చేరాడు. పడవ అప్పటికే చెక్కలు విడిపోయి మట్టిలో కలిసింది. తాతాజీ వాళ్ల పాకకు వెళ్లి, లోపలికి వెళ్లలేక గుమ్మంలోనే నిలబడ్డాడు. తిట్టినా కొట్టినా పడదామనుకున్నాడు.

నూకయ్య గబగబా లేచి చాప పరిచాడు. “ఆయ్, రండి బాబుగారూ, కూకోండి.”

“నామీద కోపం లేదా నూకయ్యా?”

నూకయ్య నేలకేసి చూశాడు. “కొత్త పడవ కట్టుకోవాలండి. కాలవలో తిరగడానికి అనుమతి కాయితం మీరేగా రాయాలి.”